ఇంగ్లీషు వ్యాకరణం: మాటకు చోటే ముఖ్యం



హోసూరు, బళ్ళారి, బరంపురం, నాందేడ్ ప్రాంతాల్లో ఉంటున్న మీలో చాలామందికి ఇంట్లో తెలుగు, వీధిలో మరొక భాష. సంతలో బేరం తమిళంలోనో, కన్నడంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో ఆడతారు. ఇంటికి వచ్చి ఆ సంగతంతా తెలుగులో చెబుతారు. ఆ రెండో భాషను ఎవరూ వ్యాకరణ పుస్తకం ముందు పెట్టి మీకు నేర్పలేదు. అయినా వచ్చింది. ఇంగ్లీషు దగ్గరికి వచ్చేసరికి మాత్రం బెదురు. పిల్లవాడికి ఇంగ్లీషులో మార్కులు తగ్గితే, "ఇంట్లో తెలుగు మానేద్దాం, అప్పుడైనా ఇంగ్లీషు వస్తుంది" అనే మాట కొన్ని ఇళ్ళలో వినిపిస్తోంది. ఆ నిర్ణయం తీసుకునే ముందు, అసలు చిక్కు ఎక్కడుందో ఒకసారి చూద్దాం.

ఇంగ్లీషు వ్యాకరణం మాటలను ఎనిమిది రకాలుగా విభజిస్తుందని బడిలో చెబుతారు. వీటినే భాషాభాగాలు అంటారు. పేర్లు వింటే భయం వేస్తుంది గాని, ఆ పనులన్నీ మన తెలుగులోనూ జరుగుతున్నవే. ఈ మాట వినండి: "అయ్యో! నల్ల ఆవూ దూడా తోటలో పడ్డాయి. అవి మొక్కల్ని గబగబా తినేస్తున్నాయి."

ఇందులో ఆవు, దూడ, తోట, మొక్కలు నామవాచకాలు. ఇంగ్లీషులో నౌన్. ఆవూ దూడా అని మళ్ళీ చెప్పకుండా "అవి" అన్నాం. అది సర్వనామం, అంటే ప్రొనౌన్. "నల్ల" అనేది విశేషణం, అడ్జెక్టివ్. "పడ్డాయి", "తినేస్తున్నాయి" క్రియలు, వెర్బ్‌లు. ఎలా తింటున్నాయో చెప్పే "గబగబా" క్రియావిశేషణం, అడ్వెర్బ్. "అయ్యో" అనేది ఇంటర్జెక్షన్. ఇక మిగిలినవి రెండు. "తోటలో" అన్నప్పుడు "లో" చేసే పనిని ఇంగ్లీషులో "ఇన్" చేస్తుంది. దాన్ని ప్రిపొజిషన్ అంటారు. మనకు "లో" మాట వెనక వస్తుంది, వాళ్ళకు "ఇన్" మాట ముందు వస్తుంది. "ఆవూ దూడా" అని మనం చివరి అచ్చును సాగదీస్తే చాలు, రెండూ కలిసిపోతాయి. ఇంగ్లీషులో ఆ పనికి "అండ్" అనే వేరే మాట కావాలి. అది కంజంక్షన్. చూశారా, ఎనిమిదీ మీ నోట్లో ముందునుంచీ ఉన్నవే.

మరి చిక్కు ఎక్కడ? మాటల వరుసలో. "పులి పామును చంపింది" అనండి, "పామును పులి చంపింది" అనండి, చచ్చింది పామే. "ను" అనే ప్రత్యయం పామును అంటిపెట్టుకుని ఉంది కాబట్టి పాము ఎక్కడ నిలబడ్డా అర్థం మారదు. ఇంగ్లీషులో ఈ పనికి ప్రత్యయం లేదు. "ద టైగర్ కిల్డ్ ద స్నేక్" అంటే పులి పామును చంపింది. ఆ పులినీ పామునూ అటూ ఇటూ మార్చారంటే పామే పులిని చంపినట్టవుతుంది. తెలుగులో ప్రత్యయం చేసే పనిని ఇంగ్లీషులో చోటు చేస్తుంది.

మాట ఏ రకమో తేల్చేది కూడా చాలాసార్లు చోటే. "బుక్" అంటే పుస్తకం, నామవాచకం. "బుక్ ఎ టికెట్" అన్నప్పుడు అదే మాట క్రియ. మనం మాత్రం "టికెట్ బుక్ చేశాను" అంటాం. "చేశాను" తగిలిస్తే గాని మనకది క్రియ కాదు. అందుకే పిల్లలు "ఈ మాట నౌనా, వెర్బా?" అని అడిగితే, మాటను విడిగా చూడవద్దనండి. వాక్యంలో అది ఏ పని చేస్తోందో చూడమనండి.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. తమిళం, కన్నడం, ఒడియా, మరాఠీ మనకు సులువుగా ఎందుకు వచ్చాయి? వాటిలోనూ మామూలు వాక్యంలో క్రియ చివరే వస్తుంది. "మీద", "లో" వంటివి మాట వెనకే వస్తాయి. మాటలు మారాయి గాని చట్రం మారలేదు. ఇంగ్లీషులో చట్రమే మారింది. యానాం శ్రోతలకు ఇది మరో విధంగా తెలుసు. అక్కడ 1954 దాకా ఫ్రెంచి పాలన. ఆ ఫ్రెంచిలోనూ క్రియ సాధారణంగా కర్త వెంటనే వస్తుంది. అంటే మన బెదురుకు కారణం తెలివి తక్కువ కావడం కాదు, వరుస కొత్తది కావడం.

దీనికి ఇంట్లోనే ఒక సాధన ఉంది. "అమ్మ నిన్న సంతలో బియ్యం కొన్నది." మొదటి మాటను అక్కడే ఉంచి, మిగిలినవి చివరి నుంచి వెనక్కి చెప్పండి: అమ్మ, కొన్నది, బియ్యం, సంతలో, నిన్న. ఇంగ్లీషు వరుస వచ్చేసింది: "మదర్ బాట్ రైస్ ఇన్ ద మార్కెట్ ఎస్టర్‌డే." ప్రతి వాక్యానికీ ఇది సరిపోదు. ప్రశ్నలకూ, పెద్ద వాక్యాలకూ వేరే పద్ధతులున్నాయి. కాని మొదలు పెట్టడానికి ఇది చాలు. రోజూ అన్నం తినేటప్పుడు ఒక్క వాక్యం ఇలా తిప్పించండి. ఇంగ్లీషు రాని తల్లి కూడా ఈ పని చేయించగలదు, ఎందుకంటే ఆమె ఇవ్వవలసింది తెలుగు వాక్యమే.

ఒక సంగతి చెప్పి ముగిస్తాను. ఇంగ్లీషువాళ్ళు మన తెలుగు నేర్చుకోవలసి వచ్చినప్పుడు ఏం చేశారు? 1816లో క్యాంబెల్, 1840లో బ్రౌన్, మద్రాసులో తెలుగు వ్యాకరణాలు అచ్చు వేయించారు. వాటిని రాసింది ఇంగ్లీషులోనే. తెలుగు రావడం కోసం వాళ్ళు తమ భాషను మానుకోలేదు. దాని మీదే నిలబడి మన భాషను అందుకున్నారు. మన పిల్లల కాళ్ళ కింద ఉన్న నేల తెలుగు. ఆ నేల తీసేస్తే ఇంగ్లీషు అందదు సరికదా, నిలబడే చోటు కూడా పోతుంది.