ఎండుకొయ్య చెద

“మా ఇల్లు బండరాతిమీద కట్టినది, చెద ఎక్కడిది?” అని జూబ్లీహిల్స్‌లో కొందరు ధీమాగా నుందురు. ఆ మాట నేలచెదకే చెల్లును. అది మట్టిగొట్టము కట్టుకొని గోడ నెక్కును. ఎండుకొయ్య చెదకు నేలతో పని లేదు, కొయ్యలోనే కాపురము.

మన దేశమున ఇది సముద్రతీరమున హెచ్చు. చిత్రపరిశ్రమ మదరాసునుండి తరలి, 1989లో ఫిలింనగర్‌లో రామానాయుడు స్టూడియో వెలసిన కాలమున, అచ్చటి మంచములు, బీరువాలు ఎన్నియో ఇచ్చటికి చేరియుండును. ఈ చెద ప్రయాణము చేయునది అట్టి సామానులోనే.

బీరువా క్రింద గసగసాలవంటి గింజలు రాలినచో ఊడ్చి పారవేయకుడు. భూతద్దముతో చూడుడు. ఆరు పలకలున్నచో ఈ చెదయే. మెత్తని పిండియైనచో పుచ్చుపురుగు. గింజలు తుడిచి, కాగితము పరచి, సామాను కదల్పక వారము వేచియుండుడు. పాత గింజలు అదురుపాటుకే రాలుచుండును సుమా!

దీనికై నేలలో మందు పోయించుట డబ్బు దండుగ. కిరసనాయిలు పూసిన లోపలికి చేరదు. నిప్పు భయము వేరు. చిన్న సామానైనచో కొయ్య నడిమివరకు 50 డిగ్రీల సెంటిగ్రేడుకు మించిన వేడి గంటసేపు తగులవలెను. దూలములకు పట్టినచో రంధ్రములలో మందెక్కించుటయో, విషవాయువు పట్టించుటయో అనుమతిగల నిపుణుల పని.

పగుళ్లకు లప్పము, పైన వార్నిషు, కిటికీలకు సన్నని వల మేలు. టేకు చేవను ఈ చెద అంతగా ముట్టదు, అంచునగల తెల్లచెక్కను విడువదు. విప్పిన సెట్టు తలుపు చవుకగా వచ్చినదని కొనువారు ముందు ఆ అంచును తట్టి చూడవలెను.