అంకె వెనుక ఇల్లు
(మహిళా కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



యుద్ధమంటే మగవాళ్ళ ముచ్చట, మనకెందుకులే అనుకుంటాం. కాని సరిహద్దులో ఏదైనా జరిగిందని వార్త రాగానే ప్రతి ఇంట్లో వినిపించే మొదటి ప్రశ్న ఒకటే: "మనవాళ్ళు ఎందరు పోయారు? వాళ్ళవాళ్ళు ఎందరు?" క్రికెట్ స్కోరు అడిగినట్టే అడుగుతాం. ఆ అంకె ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, ఎందుకు చెప్పారు అని మాత్రం అడగం. ఇవాళ ఆ సంగతే మనవి చేస్తాను.

బోధన్ వైపు వాళ్ళకిది కొత్త పాఠం కాదు. 2015లో మూతపడక ముందు, షక్కర్‌నగర్ ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో, చెరుకు బండి కాటా ఎక్కిందంటే రైతు చూపంతా తూకం మీదే. తూచేవాడూ డబ్బిచ్చేవాడూ ఒకడే అయినప్పుడు అంకెను సరిచూసుకోవాలని ఎవరూ నేర్పనక్కరలేదు. యుద్ధంలోనూ అంతే. లెక్క చెప్పేది ప్రభుత్వం. ఆ లెక్కతో పేరు వచ్చినా పోయినా ప్రభుత్వానికే.

గల్వాన్ సంగతే చూడండి. 2020 జూన్ 15 రాత్రి లడఖ్‌లో చైనా సైనికులతో ఘర్షణ జరిగింది. మన సూర్యాపేట బిడ్డ కల్నల్ బిక్కుమళ్ళ సంతోష్‌బాబు అక్కడే ప్రాణాలు విడిచారు. మర్నాడు ముగ్గురు పోయారని మొదట చెప్పిన సైన్యం, ఆ రాత్రికి 20 మంది అని ప్రకటించింది. చైనా మాత్రం తనవాళ్ళు ఎందరు పోయారో ఎనిమిది నెలలు చెప్పలేదు. 2021 ఫిబ్రవరిలో నలుగురని పేర్లు బయటపెట్టింది. ఆ లెక్కను అనుమానించి రాసిన ఒకాయనకు ఎనిమిది నెలల జైలుశిక్ష వేసింది. మన దగ్గర తీరు వేరు. చైనావాళ్ళు 40 మందికి పైగా పోయారన్నారు. మనకు రెట్టింపు నష్టం వాళ్ళకని ఒక కేంద్రమంత్రే అన్నారు. ఆ మాటకు పేర్ల జాబితా ఏదీ లేదు. అక్కడ మౌనమే బలమనిపించుకుంది, ఇక్కడ పెద్ద అంకె ఓదార్పయింది.

1999 కార్గిల్ యుద్ధంలో మన సైనికులు 527 మంది చనిపోయారని మన ప్రభుత్వం చెప్పింది. అవతల పోరాడింది తమ సైన్యమే కాదని పాకిస్తాన్ బుకాయించింది. చాలా శవాలను తీసుకోనన్నది. వాళ్ళ మత సంప్రదాయం ప్రకారం మన జవాన్లే ఖననం చేశారు. చివరికి 2010లో పాకిస్తాన్ సైన్యం 453 పేర్లు ప్రకటించింది. అంటే పదకొండేళ్ళ తరువాత! కన్నకొడుకు దేశం కోసం పోయాడని నలుగురిలో చెప్పుకునే హక్కు కూడా ఆ తల్లులకు లేకపోయింది. శత్రుదేశపు తల్లులైతేనేం, కడుపుకోత కడుపుకోతే కదా!

అమెరికా వియత్నాంలో ఇంకో దారి పట్టింది. గెలుపును శవాల లెక్కతోనే కొలిచింది. ఎన్ని ఎక్కువ చూపిస్తే అంత మెప్పు. దాంతో పొలాల్లో ఉన్న రైతులూ శత్రువుల లెక్కలో కలిసిపోయారు. 1969 జూన్‌లో లైఫ్ పత్రిక ఒక్క వారంలో చనిపోయిన 242 మంది అమెరికన్ల పేర్లు, దొరికినంతమంది ఫొటోలు వేసింది. అన్నాళ్ళూ అంకెగా విన్నది ఆ రోజు పక్కింటి పిల్లవాడి ముఖమై కనిపించింది.

యుద్ధం జరుగుతుంటే అన్నీ బయటపెడితే శత్రువుకు ఉపయోగం కాదా అని మీరడగవచ్చు. నిజమే. కొన్నాళ్ళు దాచవలసినవి ఉంటాయి. కాని దాచడం వేరు, అబద్ధమాడడం వేరు. పోయినవాడి పేరు ఎన్నాళ్ళు దాస్తే సైన్యానికి మేలు, ఎన్నాళ్ళు దాస్తే నాయకులకు మేలు అన్నది వేరుచేసి చూడాలి.

మన జిల్లాకే వద్దాం. 2020 నవంబరు 8న కాశ్మీరులోని మచ్చిల్ దగ్గర ఉగ్రవాదులతో పోరాడుతూ వేల్పూరు మండలం కోమన్‌పల్లి యువకుడు ర్యాడ మహేశ్ అమరుడయ్యాడు. చిత్తూరు జిల్లా హవల్దార్ ప్రవీణ్‌కుమార్ రెడ్డి, కెప్టెన్ అశుతోష్ కుమార్, బి.ఎస్.ఎఫ్. కానిస్టేబుల్ సుదీప్ సర్కార్ కూడా ఆ రోజే పోయారు. లెక్కగా చెబితే మనవాళ్ళు నలుగురు, ఉగ్రవాదులు ముగ్గురు. కోమన్‌పల్లిలోని ఆ ఇంటికి మాత్రం లెక్క ఒకటే. అవతల ముగ్గురు పోయినా ముప్పై మంది పోయినా ఆ ఒక్కడు తిరిగి రాడు.

అందుకని అక్కలూ, ఈసారి అంకె వినగానే సంతోషించకండి, తల్లడిల్లకండి. మూడు మాటలు అడగండి. ఎవరు లెక్కపెట్టారు? ఈ రోజే ఎందుకు చెప్పారు? లెక్కలో ఎవరిని వదిలేశారు? పాలవాడి లెక్కలో ఒక్క పూట తేడా వచ్చినా పట్టుకునే మనకు ఇదేమంత కష్టం?

ఢిల్లీలో 2019లో ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకం గోడల మీద 25 వేలకు పైగా పేర్లు చెక్కారు. వట్టి అంకె చెక్కి ఊరుకోలేదు. మన ఇళ్ళల్లోనూ అదే పద్ధతి పాటిద్దాం. పిల్లలు "ఎంతమంది?" అని అడిగితే, "ఎవరెవరో తెలుసుకుందాం రా" అని చెబుదాం.