రాసింది ఎవరు చదువుతారు?

(ఆలంగుళంలో జరిగిన ఉపకారవేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కాలేజీలో పిల్లలకు రాయడం ఎలా నేర్పారో అరగంటలో చెప్పమన్నారు కార్యదర్శిగారు. భోజనాల వేళ దగ్గరపడింది కాబట్టి అంతకంటే ముందే ముగిస్తాను.

మొదట మీ దరఖాస్తుల సంగతి. ఈసారి వచ్చిన దరఖాస్తులను ఎంపిక సంఘంతో పాటు నన్నూ చూడమన్నారు. వాటిలో "నా గురించి" అని అరపేజీ ఖాళీ ఉంది. కట్టలో ఎక్కువ వాటిలో ఆ అరపేజీ ఒకటే. "నేను నిరుపేద రైతు కుటుంబంలో జన్మించాను. బాగా చదివి ఇంటికీ దేశానికీ సేవ చేయడం నా ఆశయం." అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేసే ఆయన కొడుకూ ఇదే రాశాడు, లారీ డ్రైవరు కూతురూ ఇదే రాసింది. తండ్రి వృత్తి అన్న గడిలో "డ్రైవరు" అని ఉంది, కింద మాత్రం "రైతు కుటుంబం". జిరాక్స్ షాపులో నమూనా ఒకటి ఉందట, అందరూ దాన్నే ఎక్కించుకుంటారట.

దీనికి పిల్లల్ని తప్పుపట్టను. ఆ అరపేజీని ఎవరూ చదవరని వాళ్ళ నమ్మకం. మార్కుల జాబితా చూస్తారు, ఆదాయ సర్టిఫికెట్ చూస్తారు, ఇది నింపడానికే ఉంది అనుకున్నారు. ఎవరూ చదవనిదాన్ని ఎవరు మాత్రం మనసు పెట్టి రాస్తారు?

కాలేజీలో నాకెదురైన చిక్కూ ఇదే. మొదటి ఏడాది పిల్లలకు ఇంగ్లీషులో వ్యాసరచన నా పాఠం. "ఒక వర్షపు రోజు" అని ఇస్తే ముప్పై మంది గైడులోంచి ఒకే వర్షం తెచ్చి కురిపించేవారు. నది పొంగేది, కప్పలు అరిచేవి, పిల్లలు కాగితపు పడవలు వదిలేవారు. మనది కోవిల్‌పట్టి, సాత్తూరు, విరుదునగర్ చుట్టుపక్కల వానను నమ్ముకున్న నల్లరేగడి నేల. ఐప్పసి నెలలో మబ్బు పట్టిందా లేదా అని మెడలు నొప్పిపుట్టేలా పైకి చూసే ఊళ్ళ పిల్లలు పొంగే నది గురించి రాస్తున్నారు! అది చదివేవాడు పరీక్షకుడు ఒక్కడే, ఆయనకు నది అయినా ఎండిన చెరువు అయినా ఒకటే.

అందుకని క్లాసులో ఒక లిఖితపత్రిక మొదలుపెట్టాం. పెద్ద ఏర్పాటేమీ కాదు. శివకాశిలో తయారైన పొడుగు నోటుపుస్తకం ఒకటి కొని లైబ్రరీ బల్ల మీద పెట్టాం. వారానికి ఐదుగురు తలా ఒక పేజీ రాయాలి. మిగిలినవాళ్ళు చదివి, కింద తమ పేరుతో ఒక ప్రశ్న రాయాలి. "బాగుంది" అని రాయకూడదు, "బాగాలేదు" అనీ రాయకూడదు. ప్రశ్నే. రాసినవారు ఆ ప్రశ్నలకు జవాబులు కలుపుకొని మరుసటి వారం అదే పేజీని తిరగరాయాలి. నా ఎర్రసిరా మూడోసారి రాసినప్పుడే. అంతవరకు వ్యాకరణం జోలికి పోయేది లేదు.

ఒకమ్మాయి నాయన కోవిల్‌పట్టిలో కడలై మిఠాయి చేసే చోట పనిచేస్తాడు. మనం వేరుశనగ చిక్కీ అంటామే, అదే. 2020లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ అమ్మాయి మొదట రాసింది నాలుగే వాక్యాలు: మా నాన్న మిఠాయి చేస్తారు, అది ప్రసిద్ధి, అందరికీ ఇష్టం, అందువల్ల నాకు గర్వం. కింద ఒక అబ్బాయి అడిగాడు, "పాకం వచ్చిందని మీ నాన్నకు ఎలా తెలుస్తుంది?" ఆ అమ్మాయికి తెలియదు. ఆ రాత్రి ఇంటికి వెళ్ళి అడిగింది. పన్నెండో తరగతి దాకా చదువు గురించి నాయన కూతుర్ని అడుగుతూ వచ్చాడు, పని గురించి కూతురు నాయనను అడగడం అదే మొదలు. ఆయన ముందు నవ్వాడట, తర్వాత ఆగకుండా చెప్పాడట. బెల్లం పాకం ఒక బొట్టు చల్లనీళ్ళలో వేసి చూడాలి. మెత్తగా ఉండకడితే ఇంకా కాలేదు. గట్టిపడి గిన్నెకు కొడితే చప్పుడు రావాలి. గాలిలో తేమ ఉన్న రోజుల్లో పాకాన్ని ఇంకొంచెం ముదరనివ్వాలి, లేకపోతే మర్నాటికి మిఠాయి చేతికి అంటుకుంటుంది. వేయించిన పప్పు పొట్టు సరిగా పోకపోతే చేదొస్తుంది. రెండోసారి రాసిన పేజీలో ఇదంతా వచ్చింది. ఇంగ్లీషులో తప్పులు బోలెడు. కాని చివరిదాకా చదవకుండా ఆ పేజీ వదిలినవాడు క్లాసులో లేడు.

ఇంకొకడు "మా ఊరిది నల్లనేల, చాలా సారవంతమైనది" అని భూగోళం పుస్తకంలోది దించాడు. టౌను నుంచి వచ్చే పిల్ల ఒకతె "నల్లనేల మీద నడిస్తే ఎలా ఉంటుంది?" అని అడిగింది. అప్పుడు కదా వాడికి తన నేల గుర్తొచ్చింది! ఎండాకాలం కాలు దిగబడేంత బీటలు, ఒక్క వాన పడితే చెప్పుల కింద బంక పేరుకొని పేరుకొని ఎత్తు పెరగడం, చివరికి చెప్పులు చేతిలో పట్టుకొని నడవడం. రేగడి అన్న మాట ఇంగ్లీషులో ఏమిటని నన్నడిగితే అలాగే ఉంచమన్నాను. తమిళంలో కరిసల్, మన ఇంట్లో రేగడి, చదివేవాళ్ళకు రెండూ అర్థమవుతాయి.

ఇక్కడ మన ప్రాంతపు ఇద్దరు పెద్దల గురించి చెప్పుకోవాలి. కోవిల్‌పట్టి పక్కన ఇడైసెవల్ మీకందరికీ తెలుసు. కి. రాజనారాయణన్, కు. అళగిరిసామి ఇద్దరిదీ ఆ ఊరే, ఇద్దరూ ఇంచుమించు ఒకే వయసువారే, ఇద్దరి ఇంటి భాషా తెలుగే. రాసింది తమిళంలో. అళగిరిసామి 1970లో కన్నుమూశారు, ఆ ఏడాదే ఆయన పుస్తకానికి సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. కి.రా. బడి చదువు హైస్కూలు కూడా దాటలేదు. సేద్యం చేసుకున్న మనిషి. తెలుగువారు ఈ వైపు వలస వచ్చి అడవి కొట్టి ఊరు కట్టుకున్న కథను 1976లో "గోపల్ల గ్రామం" నవలగా రాశారు. దాని తర్వాతి నవలకు 1991లో అకాడమీ పురస్కారం వచ్చింది. కరిసల్ నేల మాటలతో 1982లో నిఘంటువు తెచ్చారు. 2021లో కన్నుమూశారు.

వాళ్ళకు రాయడం ఎవరు నేర్పారు? నాకు తోచే జవాబు ఒకటి, ఒప్పుకోకపోయినా ఫరవాలేదు. వాళ్ళు ఒకరికొకరు చదువరులు. అళగిరిసామి ఉద్యోగం కోసం మద్రాసు వెళ్ళారు, 1950లలో మలయాకు వెళ్ళి "తమిళ్ నేసన్" పత్రికలో పనిచేశారు. దూరమైనా ఉత్తరాలు ఆగలేదు. కి.రా.కు ఆయన రాసిన ఉత్తరాలు తర్వాత పుస్తకంగా వచ్చాయి. ఊళ్ళో ఉన్న స్నేహితుడు చదువుతాడని తెలిసి రాసేవాడు పొంగని నదిని పొంగించలేడు, పట్టుబడతాడు. మలయాలో ఉన్న రోజుల్లో అళగిరిసామి అక్కడి కుర్ర రచయితలకు రచనలో శిక్షణ కూడా ఇచ్చారు. ఇడైసెవల్ నుంచి వెళ్ళిన మనిషి సముద్రం అవతల రచన పాఠం చెప్పాడంటే, ఆ పాఠానికి మన వైపు ఆ మాత్రం పరంపర ఉందన్నమాట.

లోకంలో ఇంకా చాలా చోట్ల ఇలా చేసినవారున్నారు. ఫ్రాన్సులో సెలెస్తాన్ ఫ్రెనే అని ఒక పల్లెటూరి బడిపంతులు. మొదటి ప్రపంచయుద్ధంలో ఊపిరితిత్తికి గాయమై ఎక్కువసేపు గొంతెత్తి పాఠం చెప్పలేకపోయేవాడు. పిల్లల్ని ఊళ్ళోకి నడిపించి, చూసింది రాయించి, 1924లో బడికి చిన్న అచ్చుయంత్రం తెచ్చి వాళ్ళ రాతల్ని వాళ్ళ చేతే అచ్చువేయించాడు. వాటిని వేరే ఊరి బడికి పంపితే ఆ పిల్లలు తమవి పంపేవారు. శివకాశి పక్కన కాపురముంటున్న మనకు అచ్చుయంత్రం వింత కాదు, అందుకని ఈ కథ చెప్పాను.

ఇప్పుడు తల్లిదండ్రులతో ఒక మాట. పిల్లలు నిజం రాయడం మొదలుపెడితే ఇంటి గుట్టు బయటపడదా అని మీకు సందేహం రావచ్చు. అది న్యాయమైన సందేహం. అందుకే మా పుస్తకానికి ఒక కట్టుబాటు ఉండేది. ఇంట్లోవారి గురించి రాస్తే, ఆ మనిషికి చదివి వినిపించి సరేననిపించుకున్నాకే బల్ల మీదికి రావాలి. తనకు ఇష్టం లేని వాక్యాన్ని ఆ మనిషి కొట్టివేయవచ్చు.

ఒకమ్మాయి తన ఫీజు కోసం తల్లి నగలు తాకట్టు పెట్టిన సంగతి రాసింది. తల్లికి ఇంగ్లీషు రాదు, తమిళం కూడబలుక్కొని చదువుతుంది. అమ్మాయి వంటింట్లో కూర్చొని ఒక్కో వాక్యాన్నీ ఇంటి తెలుగులోకి మార్చి చెప్పింది. తల్లి మధ్యలో ఆపి, "రెండు సవరన్లు కాదే, మూడు" అంది. ఇంకొంచెం పోయాక, "వడ్డీ కట్టింది మీ నాయన కాదు. రాత్రిళ్ళు అగ్గిపెట్టెలు అంటించి నేను కట్టాను. ఆ సంగతి నీకు తెలియదు" అంది. చిన్నాయన ఆదుకోలేదని ఉన్న వాక్యం మాత్రం తీసేయమంది. "ఆయన పిల్లల పెళ్ళికి మనం వెళ్ళాలి." అమ్మాయి తీసేసింది. చివర్లో తల్లి అడిగిందట, "దీన్ని ఎవరు చదువుతారు?" మా క్లాసు వాళ్ళు అని చెబితే, "అయితే మూడని సరిగ్గా రాయి" అంది.

ఆ పేజీ బల్ల మీద పెట్టిన వారం ప్రశ్నలు తక్కువ వచ్చాయి. ఒకడు మాత్రం, "నగలు విడిపించారా?" అని అడిగాడు. అమ్మాయి కింద "ఇంకా లేదు" అని రాసింది. ఆ రెండు మాటల్ని ఎర్రసిరాతో ముట్టుకోవడానికి నాకు చేయి రాలేదు.

దీనివల్ల మార్కులు పెరుగుతాయా అని అడుగుతారు. పెద్దగా పెరగలేదు. పరీక్ష అడిగేది వేరు, దానికి గైడు చదవక తప్పలేదు, చదువుకోమనే చెప్పాను. తేడా వేరేచోట కనబడింది. ఒక ఊరి పిల్లలు ఉదయం బస్సు కోసం అర్జీ రాశారు. ముందు రాసింది "విద్యార్థులు చాలా ఇబ్బంది పడుతున్నారు" అని. అలవాటు కొద్దీ మిగతావాళ్ళు ప్రశ్నలు వేశారు. ఎంతమంది? ఏ బస్సు? ఎంత ఆలస్యం? మొదటి పీరియడు వారంలో ఎన్నిసార్లు పోయింది? అన్నీ లెక్కకట్టి తేదీలతో రాశారు. బస్సు వెంటనే రాలేదు లెండి. కాని ఆ ఊరి అర్జీకి జవాబంటూ రావడం అదే మొదటిసారని పెద్దలు చెప్పారు.

ఇప్పుడు జిరాక్స్ షాపు నమూనా కూడా అక్కరలేదు, ఫోనును అడిగితే అర నిమిషంలో తప్పుల్లేని పేజీ ఇస్తుంది. ఇవ్వనీయండి. వడ్డీ ఎవరు కట్టారో దానికి తెలియదు. మీ అమ్మను అడగాల్సిందే.

ఇంకో సంగతి కూడా ఉంది. మనలో చాలామందికి తెలుగు మాట వచ్చు, అక్షరం రాదు. 2006 నాటి చట్టంతో తమిళనాడు బడుల్లో తమిళం దశలవారీగా పదో తరగతి వరకు తప్పనిసరి అయింది. మన వైపు అంతకు ముందు నుంచే బడిలో తెలుగు అక్షరం అరుదు. దీనికి ఈ సభలో పరిష్కారం దొరకదు. కాని నాయన చేసే పని, అవ్వ చెప్పే కత, అమ్మ లెక్క ఇవన్నీ మన దగ్గర తెలుగులోనే నిలవ ఉన్నాయి. వాటిని ఏ లిపిలో రాసినా, రాసేముందు ఇంట్లో తెలుగులో అడగక తప్పదు. ఈ బులెటిన్ ఇంటికి వచ్చాక చదవగలిగినవారు మిగతావారికి చదివి వినిపించండి.

ట్రస్టు పెద్దలతో మాట్లాడాను, ఒప్పుకున్నారు. వచ్చే ఏడాది దరఖాస్తులో "నా గురించి" అన్న అరపేజీ ఉండదు. దాని బదులు ఒక పూర్తి ఖాళీ పేజీ. మీ ఇంట్లో ఎవరైనా ఒకరు చేసే ఒక పని గురించి రాయాలి. చేత్తో రాయాలి. తెలుగు, తమిళం, ఇంగ్లీషు ఏదైనా సరే. అక్షరదోషాలకు కోత లేదు. ఎవరి గురించి రాశారో వారికి చదివి వినిపించి, కింద వారి సంతకమో వేలిముద్రో పెట్టించాలి. మేం ముగ్గురం కూర్చొని ప్రతి పేజీ చదివి, ఒక్కొక్క ప్రశ్న రాసి వెనక్కి పంపుతాం. జవాబు కలిపి తిరగరాసి ఇచ్చిన తర్వాతే ఎంపిక. ఆలంగుళం దాకా రాలేనివారు ఇటు వచ్చే మీ ఊరి పెద్దల చేత కవరులో పంపినా తీసుకుంటాం. కవరు మీద పేరు, ఊరు, చదువుతున్న తరగతి మరచిపోకండి.