ఆ తల్లికి నైట్ ఆఫ్ ఎవరిస్తారు?

నర్సింగ్ పట్టాలందుకున్న పిల్లలూ! ఆరోగ్యరంగం భవిష్యత్తు గురించి చెప్పే పెద్దలు వేరే ఉన్నారు. నేను పిల్లల వార్డు మనిషిని, ఆ వార్డు సంగతే చెప్తాను.

గ్లైకోజన్ స్టోరేజ్ జబ్బు, మొదటి రకం. మీరంతా చదివారు. కాలేయం దాచుకున్న చక్కెరను రక్తంలోకి వదిలే ఏర్పాటు ఈ జబ్బున్న బిడ్డకు పుట్టుకతోనే పనిచేయదు. మనం రాత్రి తిని పడుకుంటే తెల్లారేదాకా కాలేయమే చూసుకుంటుంది. ఆ బిడ్డకు కడుపు కొన్ని గంటలు ఖాళీగా ఉంటే చాలు, చక్కెర పడిపోయి ఫిట్స్ రావచ్చు. బుగ్గలు బొద్దుగా, పొట్ట ఎత్తుగా ఉండేసరికి చుట్టాలు మాత్రం బిడ్డ పుష్టిగా ఉన్నాడంటారు.

పచ్చి కార్న్‌ఫ్లోర్‌ను వేడి చేయని నీళ్లలో కలిపి తాగిస్తే మెల్లగా అరుగుతూ గంటల తరబడి చక్కెర అందిస్తుందని 1984లో వైద్యలోకానికి తెలిసింది. కిరాణా కొట్టులో దొరికే పిండే ఆ బిడ్డకు ప్రాణం.

నల్లగొండ వైపు నుంచి ఒక బాబు వచ్చేవాడు. వార్డులో ఉన్నన్నాళ్లూ బాగుండేవాడు, ఇంటికి పోయాక మళ్లీ తెల్లవారుజామున ఫిట్స్. "మీరు చెప్పినట్టే తాపుతున్న సిస్టర్" అని తల్లి ఏడుపు. కేస్‌షీట్‌లో 'తల్లికి వివరించడమైనది' అని ఉంది. ఆమెను వార్డు వంటగదికి తీసుకుపోయి, ఎట్ల కలుపుతావో చూపించమ్మా అన్నాను. ఆమె స్టవ్ వెలిగించి, ఉండలు కట్టకుండా జావ కాచింది. పచ్చిపిండి పసివాడికి అరగదని అత్తగారు చెప్పిందట. ఉడికితే అది త్వరగా అరిగిపోయి గంటల తరబడి కాయదని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఇక్కడే మీతో నా పోట్లాట. 'వివరించడమైనది' అని రాసేముందు కాస్త ఆగండి తల్లీ! ఆమె చేత చేయించి చూశారా? గ్రాములు తూచే త్రాసు ఆ ఇంట్లో ఉందా, లేక చెంచా లెక్కేనా? కార్న్‌ఫ్లోర్ బదులు మర పట్టించిన మక్క పిండి కలుపుతోందేమో అడిగారా? పాలు, పండ్లు, బెల్లం తగ్గించమన్నారు సరే, గుడిలో ప్రసాదం చేతిలో పెడితే ఆ పిల్లాడు ఏం చేయాలి? జ్వరమొచ్చి కక్కుకుంటే వెంటనే రావాలని, వచ్చినప్పుడు చూపించే కాగితం ఇదీ అని చేతికిచ్చారా? అర్ధరాత్రి ఆ కాగితంతో వచ్చిన తల్లిని ఓపీ చీటీ కోసం వరుసలో నిలబెట్టారని తెలిస్తే మిమ్మల్ని వదలను. ముందు వేలు గుచ్చి చక్కెర చూడండి, డాక్టరును పిలవండి, డెక్స్‌ట్రోజ్ సిద్ధం చేయండి. చీటీ తర్వాత.

మనకు నైట్ డ్యూటీ అయ్యాక ఆఫ్ ఉంటుంది. ఆ తల్లికి ఏళ్ల తరబడి లేదు. రాత్రి మధ్యలో లేచి పిండి తాపాలి, అలారం వినపడదేమోనని నిద్రపోవడానికే భయపడుతుంది. డిశ్చార్జి రోజు తండ్రిని కౌంటర్ల చుట్టూ తిప్పుతాం, అతన్ని కూర్చోబెట్టి పిండి కలపడం ఎందుకు నేర్పం? ఆ నల్లగొండ అత్తగారిని నేను పిలిపించాను. జావ తాగిన రోజు, పచ్చిది తాగిన రోజు చక్కెర ఎంతుందో మీటరులో చూపించాను. ఆ తర్వాత రాత్రి రెండు గంటల వంతు ఆమే తీసుకుంది.

మేనరికపు ఇళ్లలో ఈ జబ్బులు ఎక్కువ కనిపిస్తాయి, బయటి సంబంధాల్లోనూ వస్తాయి. ఎక్కడైనా మాట పడేది కోడలే. లోపమున్న జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ, ఇద్దరి నుంచీ వస్తేనే ఈ జబ్బు వస్తుందని అందరి ముందూ గట్టిగా చెప్పండి. బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు అంటే, ఒకరికి వచ్చేసింది కాబట్టి మిగతా ముగ్గురికీ భయం లేదని కాదు, ప్రతి కాన్పుకూ అంతే ప్రమాదం. తర్వాతి కాన్పు గురించి ఆలోచించక ముందే జన్యు సలహాకు పంపండి. 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానం కింద హైదరాబాదులో నిమ్స్, సీడీఎఫ్‌డీ కలిసి ఇలాంటి జబ్బుల కోసం ఒక కేంద్రాన్ని నడుపుతున్నాయి. ఎక్కడికి పోవాలో, ఏ కాగితాలు పట్టుకెళ్లాలో రాసివ్వండి.

చివరగా ప్రిన్సిపాల్ గారికి ఒక విన్నపం. కమ్యూనిటీ పోస్టింగుల్లో వచ్చే బ్యాచ్‌ను, ఇంటివాళ్లు సరేనంటే, ఇలాంటి ఒక ఇంటికి పంపండి. పగలు కాదు, రాత్రి పంపండి.