కారుచున్న ఫ్లష్ తొట్టి
(సరూర్‌నగర్‌లో గ్రామ పంచాయతీ సభ్యుల యెదుట చేసిన ప్రసంగ పాఠము)



సరూర్‌నగర్‌లోని మా యింట కొన్ని దినములు రాత్రివేళ మరుగుదొడ్డి నుండి సన్నని నీటి చప్పుడు వినవచ్చుచుండెడిది. ఈ మాత్రమునకేమి యని ఉపేక్షించితిని. ఒకనాడు తొట్టి క్రింది నల్లా కట్టివేసి, పది నిమిషములలో తగ్గిన నీటిని తిరిగి పోసి కొలిచితిని. 2 లీటర్లు! అనగా గంటకు 12, దినమునకు 288 లీటర్లు.

గ్రామములలో మనిషికి దినమునకు 55 లీటర్ల నీరందవలెనని 2019లో ప్రారంభమైన జల జీవన్ మిషన్ ప్రమాణము. ఐదుగురికి సరిపడు నీరు ప్రతిదినము మురుగుపాలైనది. అది సామాన్యమైన నీరు కాదు. నాగార్జునసాగరము నుండి ఎత్తిపోసి, కోదండాపురమున శుద్ధిచేసి, నూరు కిలోమీటర్లకు పైగా నడిపించి, మాకు సమీపముననున్న సాహెబ్‌నగర్‌కు చేర్చిన కృష్ణా జలము.

“మా ఊళ్లలో చెంబుతో పోయుదురు, తొట్టి యెక్కడిది?” అని మీరు అడుగవచ్చును. మీ పాఠశాలలోనో, పంచాయతీ కార్యాలయములోనో, కొత్తగా కట్టిన యిండ్లలోనో చూడుడు. పల్లెలో నష్టము రెండింతలు. దొడ్డి నీరు చేరునది ఇంకుడు గుంటకు. రేయింబవళ్లు నీరు కారినచో గుంట తడియారదు, మలము కుళ్లి ఎరువు కాదు, త్వరలోనే నిండిపోవును. పిదప దొడ్డికి తాళము పడును. పాఠశాలలో తాళము పడినచో ముందుగా బాధపడునది ఆడపిల్లలే.

లోపమును కనుగొనుట కష్టము కాదు. తొట్టి మూత తీయుడు. నీరు పొంగు గొట్టములోనికి పొరలుచున్నచో, లోపము నీరు వచ్చు మార్గమున ఉన్నది. తేలు బంతిని చేతితో పైకెత్తుడు. నీరు ఆగినచో, బంతిని కొంత దించి, నీటిమట్టము పొంగు గొట్టమునకు అంగుళము దిగువన నిలుచునట్లు సరిచేయుడు. ఆగనిచో అచటి వాషరు అరిగినది, లేదా ఇసుక చిక్కినది. బంతిలోనికి నీరు చేరియున్నచో బంతినే మార్చవలెను.

పొంగు లేకున్నను చప్పుడు వినిపించినచో, బట్టలకు వాడు నీలిమందు కొద్దిగా తొట్టిలో కలిపి అరగంట తాకకుండ ఉంచుడు. దొడ్డి పళ్లెములో నీలిరంగు కనిపించినచో అడుగు వాషరు కారుచున్నది. నల్లా కట్టి, తొట్టి ఖాళీచేసి, వాషరు కూర్చుండు చోట పేరుకొనిన సున్నపు పొరను గుడ్డతో తుడిచివేయుడు. వాషరు గట్టిపడినను, వంకరపోయినను, పాతదానిని చేతబట్టుకొని అంగడికి పోయి అదే కొలతది తెచ్చి బిగింపుడు. పిదప మరల నీలిమందుతో పరీక్షింపుడు.

త్రాగునీరు, పారిశుద్ధ్యము, సామాజిక ఆస్తుల నిర్వహణ ఈ మూడును రాజ్యాంగపు 11వ షెడ్యూలులో పంచాయతీలకు చెందిన విషయములే. కావున నాదొక్క మనవి. నెలకొక దినము నిర్ణయించి, గ్రామములోని ప్రతి ప్రభుత్వ భవనపు తొట్టిని పరీక్షింపజేయుడు. తగిన కొలతల వాషర్లు నాలుగు కార్యాలయమున నిలువ ఉంచుడు. ఎచట ఏమి మార్చినదియు పుస్తకమున వ్రాయింపుడు. నేను కొన్ని రాత్రులు విని ఊరకుంటిని. మీరు విన్న దినముననే మూత తీయుడు.