కొల్లేటికి వెళ్లేవారి మెడలో ఏముండాలి?

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1999లో కొల్లేటి సరస్సుకు దక్కిన అభయారణ్య హోదా తుపాకీని పక్కన పెట్టించాయి. వేటగాడి ఓపిక, సరంజామా మాత్రం జంగారెడ్డిగూడెం నుంచి కొల్లేటిలోని ఆటపాకకు గూడబాతులను చూడబోయేవారికి ఇప్పటికీ అవసరమే. మట్టిరంగు చొక్కా, అంచున్న టోపీ, మంచినీళ్లు సరే, అసలు ఎంపిక బైనాక్యులర్‌ది. ఎనిమిది రెట్లు చూపేదే మేలంటాను. పది రెట్లదైతే పిట్ట ఇంకా దగ్గరగా కనిపిస్తుంది కదా అని అడుగుతారు. నిజమే, కానీ దానితోపాటు చేతి వణుకూ పెద్దదై కనిపిస్తుంది, పడవలో మరీను. పైగా ముందు అద్దం వెడల్పు 42 మిల్లీమీటర్లనుకుంటే, దాన్ని 8తో భాగిస్తే కంటికి చేరే వెలుగు పుంజం వెడల్పు 5 మిల్లీమీటర్లు దాటుతుంది, 10తో అయితే 4.2 దగ్గరే ఆగుతుంది. పక్షులు చురుగ్గా తిరిగే తెల్లవారుజామున, ఆ మసక వెలుతురులో, తేడా బాగా తెలుస్తుంది. మెడపట్టీ వెడల్పుగా ఉంటే రెండు గంటలైనా బరువనిపించదు.