పాడిని నిలుపుకుందాం, పండుగా చేసుకుందాం

(హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల పాల సంఘాల సభ్యులు పెనుకొండలో సమావేశమైనప్పుడు ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



మేము మీ సంఘానికి వచ్చామంటే కార్యదర్శిగారు బీరువా తాళం వెదుక్కోవడం మామూలే. నగదు పుస్తకం, పాల రిజిస్టరు, తీర్మానాల పుస్తకం చూసి, తప్పులుంటే రాసి, సంతకం పెట్టి వెళ్లిపోతాము. ఈ రోజు ఆ పుస్తకాలేవీ అడగబోము. మీ ఇంటి లెక్కను గురించి నాలుగు మాటలు మనవి చేయాలని వచ్చాము. సభ్యుడి ఇంటి లెక్క చెడితే సంఘం లెక్క ఎంత శుభ్రంగా ఉన్నా ప్రయోజనం లేదని ఇన్నేళ్ల ఉద్యోగంలో మాకు తెలిసివచ్చింది.

మన సీమ సంగతి మీకు కొత్తగా చెప్పనక్కరలేదు. నైరుతి మేఘాలు పడమటి కనుమల అవతలే చాలావరకు కురిసి, తేలికపడి మన వైపు వస్తాయి. ఈశాన్య వానలు తెచ్చే సముద్రం మనకు దూరం. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అదైనా అదునుకు పడదు. 1952 కరువులో రాయలసీమలో గంజి కేంద్రాలు పెట్టవలసి వచ్చిందని పెద్దలు చెప్పగా విన్నాము. 2022లో జిల్లాలు విడిపోయి మనం శ్రీ సత్యసాయి జిల్లా వాళ్లమయ్యాము గాని, మేఘానికి ఆ సంగతి తెలియదు. శెనక్కాయ పంట తప్పిన ఏడు చాలా ఇళ్లలోకి డబ్బు తెచ్చేది పాల బిల్లు ఒక్కటే.

అందుకే పాల రిజిస్టరు తిప్పేటప్పుడు కొన్ని పేర్ల దగ్గర మాకు చేయి ఆగిపోతుంది. పూటకు నాలుగు లీటర్లు పోసే సభ్యుడు ఉన్నట్టుండి పోయడం మానేసి ఉంటాడు. ఆవు వట్టిపోయిందా అని అడుగుతాము. "లేదు సార్, అమ్మేసినాడు" అంటారు. ఎందుకని విచారిస్తే, మేత లేక అమ్మినవారు కొందరు. వారి కష్టం వేరు. వారికి గడ్డి, దాణా ఏర్పాటు చేయడం సంఘం చూడవలసిన పని. మరికొందరి కథ అది కాదు. పిల్లవాడి పుట్టెంట్రుకలకు వేటలు కోసి ఊరంతా పిలిచారు. లేదా ఓణీల ఫంక్షన్‌కు షామియానా వేసి, మైకు పెట్టి, మూడు రకాల మిఠాయి వడ్డించారు. ఆ అప్పు తీర్చలేక పాలిచ్చే ఆవును తోలుకుపోయి సంతలో అమ్మారు. ఆవు పోయింది, బిల్లు పోయింది, అప్పులో సగం అట్లే ఉంది.

ఒక్కసారి లెక్క వేసి చూడండి. బయట నూటికి 3 రూపాయల వడ్డీకి 50,000 తెచ్చారనుకుందాం. నెలకు వడ్డీ 1,500. అంటే రోజుకు 50 రూపాయలు. లీటరుకు మీకు 35 రూపాయలు గిట్టుతుందనుకుంటే, రోజూ దాదాపు లీటరున్నర పాలు వడ్డీ వ్యాపారి చెంబులోకి పిండుతున్నామన్నమాట. తెల్లవారుజామున చలిలో లేచి పిండేది మనము, తాగేది వారు. అసలు మాత్రం ఒక్క రూపాయి తగ్గదు. ఒక్క పూట భోజనాలకు ఇంత పాలు ధారపోయాలా అని ఇంటిలో భార్యాభర్తలు కూర్చుని ముందుగానే అడుగుకోవాలి.

ఈ మాట చెప్పే అర్హత మాకు ఉన్నదా అని మీరు అడగవచ్చు. న్యాయమే. ఊరివారి పద్దులు దిద్దే మేము మా ఇంటి పద్దు దిద్దుకోలేదు. బంధువుల్లో మాట పడకూడదని మా పెద్దమ్మాయి ఓణీల ఫంక్షన్‌ బయటి వడ్డీకి తెచ్చి చేశాము. ఆ అప్పు మూడేళ్లు కట్టాము. తిన్నవారిలో ఒకరు సాంబారులో ఉప్పు తక్కువైందని అన్నారట. అంతకుమించి ఆ రోజును జ్ఞాపకం పెట్టుకున్నవారు మాకు కనిపించలేదు. ఈ మధ్య అమ్మాయినే అడిగాము. "నగలు గుచ్చుకుంటుంటే ఎప్పుడెప్పుడు తీసేద్దామా అని కూర్చున్నా నాన్నా" అంది. మరి చిన్నప్పటి సంతోషం ఏది గుర్తున్నదంటే, కరెంటు పోయిన రాత్రుల్లో అవ్వ చుట్టూ కూర్చుని అనపకాయలు ఒలిచిన ముచ్చట చెప్పింది. ఆ అనపకాయలకు మేము ఎవరి దగ్గరా అప్పు చేయలేదు.

సహకార డిప్లొమా చదివే రోజుల్లో మాకు మొదట చెప్పిన పాఠం ఇంగ్లండులోని రాచ్‌డేల్ ఊరిది. నేతవారు, ఇతర పనివారు 28 మంది కలిసి 1844 డిసెంబరు 21న అక్కడ ఒక చిన్న అంగడి తెరిచారు. పని తక్కువ, కూలి తక్కువ, అంగళ్లలో అరువు ఎక్కువ, సరుకులో కల్తీ ఎక్కువగా ఉన్న రోజులవి. వారు అమ్మినవి పిండి, వెన్న, చక్కెర, కొవ్వొత్తుల వంటి కొద్ది సరుకులే. కల్తీ లేదు, అరువు లేదు. మిగిలిన లాభం కొన్నవారికే పంచారు. ఇది అందరికీ తెలిసిన పాఠమే. అయితే ఇంకొక విషయం కూడా ఉన్నది. ఆ పేదవారే తరువాత సభ్యుల కోసం పత్రికలు చదువుకునే గది, గ్రంథాలయం పెట్టుకున్నారు. మిగులులో నూటికి రెండున్నర వంతు చదువుకు కేటాయించారు. కష్టకాలమని అరువును మానారు గాని, నలుగురూ కూడి కూర్చునే చోటును మానలేదు. మా ఉద్దేశంలో పొదుపు అంటే ఇదే.

ఈ పాఠాన్ని పుస్తకం చదవకుండానే నేర్చుకున్న ఒక సభ్యురాలు ధర్మవరం దగ్గర సంఘంలో ఉన్నారు. ఇంట్లో ఒక మగ్గం, రెండు ఆవులు. 2020లో లాక్‌డౌన్‌ వచ్చి పట్టుచీర అడిగేవారు లేక మగ్గం ఆగిపోయింది. పాలు పోయడం మాత్రం ఆగలేదు. బిల్లు వచ్చిన సాయంత్రం ఆమె పిల్లలను కూర్చోబెట్టుకుని డబ్బును నాలుగు డబ్బాల్లో వేసేది. మొదటిది దాణా డబ్బా. రెండోది అంగడి డబ్బా. మూడోది ఆవు జబ్బు చేస్తే, మనిషి జబ్బు చేస్తే తీసేది. నాలుగోది పిల్లల డబ్బా. అందులో వేసేది 50 రూపాయలే.

"ఆ డబ్బా మాత్రం మేం ముట్టం సార్. దాంతో ఏం చేసుకోవాలో వాళ్లే తేల్చుకుంటారు" అని ఆమె మాతో చెప్పింది. ఒకసారి బెల్లం తెప్పించుకుని శెనక్కాయ ఉంటలు చేయించుకున్నారట. ఒకసారి గాలిపటాల కాగితాలు కొన్నారట. రెండు బిల్లులు కూడబెట్టి తాడు కొని వేపచెట్టుకు ఉయ్యాల కట్టుకున్నారట. దాణా మూట ధర పెరిగితే తమ డబ్బా తగ్గుతుందని అర్థమై, బడి లేని ఆ రోజుల్లో పిల్లలే గట్ల మీద పచ్చిగడ్డి కోసుకొచ్చేవారట. ఆ ఇంట్లో ఆ ఏడు కొత్త బట్టలు లేవు. అయినా రెండు ఆవులూ నిలిచాయి. మగ్గం మళ్లీ ఆడేదాకా ఆ ఇల్లు అప్పు ముఖం చూడలేదు.

ఇక పొదుపు పేరుతో తగ్గించకూడనివి కొన్ని ఉన్నాయి. అక్కలకు, అన్నలకు ఇది ముఖ్యంగా మనవి. ఉన్న పాలన్నీ కేంద్రంలో పోసి, పిల్లలకు వట్టి టీ నీళ్లు, బిస్కెట్టు పొట్లం ఇవ్వడం పొదుపు కాదు. పూటకు ఒక గ్లాసు పిల్లల కోసం తీసి పెట్టిన తరువాతే క్యాను మూత వేయండి. పాలిచ్చే ఆవు దాణా తగ్గించడమూ పొదుపు కాదు. పాలు, వెన్న శాతం తగ్గి బిల్లే తగ్గుతుంది. పశువుల బీమా కిస్తీ, పిల్లల బడి ఖర్చు ఆపవద్దు. వీటికి బదులు పొడవు గడ్డిని ముక్కలు చేసి వేయండి. కాళ్ల కింద తొక్కి పారేసేది తగ్గుతుంది. మనకు సంగటి ఉన్నది, ఉలవచారు ఉన్నది, శెనక్కాయల ఊరిబిండి ఉన్నది. మన అవ్వలు కరువులో బిడ్డలను పెంచిన తిండి ఇది. దీనికి సిగ్గుపడవలసిన పని లేదు.

సంతోషం మాటకొస్తే, మనవారికి దాన్ని కొనుక్కోవాలనే భ్రమ ఈ మధ్యనే పట్టుకున్నది. ఆవు ఈనిన వారం జున్ను కంటే పెద్ద విందు ఏమున్నది? దూడ తాగినంత తాగాక మిగిలిన పాలతో బెల్లం, మిరియాలు వేసి వండి నాలుగిళ్లకు పంపితే, వాళ్ల ఆవు ఈనినప్పుడు మన ఇంటికీ వస్తుంది. చలికాలంలో అనపకాయలు ఒలిచి, గింజలు నానబెట్టి, పితికి, పితికిపప్పు చేసుకోవడం ఇంటిల్లిపాదికీ ఒక సాయంత్రం పని. ఎవరి గింజ ఎంత దూరం ఎగురుతుందో అని పిల్లలకు అదే ఆట. ఎండాకాలంలో చింతపండు కొట్టే ఇళ్లలో గింజలు పారేయకండి. వామనగుంటలకు, బారాకట్టకు అవే పావులు. బండమీద సుద్దతో గీస్తే పులిజూదం సిద్ధం. తాతకు, మనవడికి సరిజోడు ఆట అది. సెల్‌ఫోన్‌ ఒకరినొకరికి దూరం చేస్తుంటే, నాలుగు చింతగింజలు ఎదురెదురుగా కూర్చోబెడతాయి.

ఏడాదికి ఒకసారి బయటికి పోవాలనిపించడం సహజం. దానికి బెంగుళూరు దాకా పోనక్కరలేదు. హిందూపురం నుంచి లేపాక్షి సుమారు 15 కిలోమీటర్లు. చిత్రాన్నం మూట కట్టుకుని పల్లెవెలుగు ఎక్కండి. 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకం కింద ఆ బస్సులో ఆడవారికి టికెట్టు కూడా లేదు. ఒకే రాతిలో తొలిచిన నంది 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు. మనం పాడివాళ్లం కాబట్టి ఆ మెడ గంటలు, గంగడోలు చూసి పిల్లలకు చూపించండి. వేలాడే స్తంభం కింద తువ్వాలు దూర్చి తీయడం వారికి వేడుక. పైకప్పు మీది బొమ్మలు చూపించండి. అమ్మ వంట చేసేలోగా శిల్పులు పెద్ద నాగలింగాన్ని చెక్కేశారని అక్కడ చెప్పుకునే కథ వినిపించండి. విరూపణ్ణ కథ కూడా చెప్పండి. రాజుగారి ఖజానా సొమ్ము అనుమతి లేకుండా గుడికి ఖర్చుపెట్టినందుకు శిక్ష పడగా, తన కళ్లు తానే తీసి గోడకు కొట్టాడని ఐతిహ్యం. తీర్మానం లేకుండా ఖర్చు పెట్టవద్దని మేము చెబితే విసుక్కునే కార్యదర్శులు ఆ గోడను ఒకసారి చూసి రావడం మంచిది.

మనం కూర్చున్న ఈ పెనుకొండ మాత్రం తక్కువదా? 1565లో రాక్షసి తంగడి యుద్ధంలో ఓడిన తరువాత విజయనగర ప్రభువులు రాజధానిని ఇక్కడికే మార్చుకున్నారు. అంతటివారికే ఒకనాడు ఉన్నదానితో సర్దుకోవలసి వచ్చింది. గగన్‌మహల్‌ చూసి, చల్లపొద్దున కొండ ఎక్కి, ఎండ ముదరకముందే దిగిరండి. నీళ్ల సీసా మరువకండి. బాబయ్య దర్గాకు అన్ని మతాలవారూ వస్తారు. అక్కడ చెట్టు నీడకు ఎవరూ అద్దె అడగరు.

ధర్మవరం మండలంలోని నిమ్మలకుంట తోలుబొమ్మల ఊరు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ప్రకటించారు. మేక తోలు మీద రంగులద్ది, తెర వెనుక దీపం పెట్టి రామాయణ భారతాలు ఆడుతుంటే, నడుమ జుట్టుపోలిగాడు, బంగారక్క వచ్చి నవ్వించేవారు. ఊరంతా కలిసి గడపకు ఇంత అని వేసుకుంటే ఒక రాత్రి ఆట పెట్టించడం ఎవరికీ భారం కాదు. కష్టకాలం ఆ కళాకారులకూ ఉన్నది. మన నవ్వు వారికి కూలి అవుతుంది. అయితే ఈ ఖర్చు సర్వసభ్య సమావేశం తీర్మానం లేకుండా సంఘం నిధి నుంచి తీయవద్దు. ఇది ఇన్‌స్పెక్టరు మాట.

చివరగా సంఘాలకు రెండు విన్నపాలు. ఒకటి, పాల బిల్లు చెప్పిన తేదీకి ఇవ్వండి. బిల్లు వారం ఆలస్యమైతే సభ్యుడు మూడు రూపాయల వడ్డీ గడప తొక్కుతాడు. ఆ పాపంలో మనకూ భాగం ఉంటుంది. రెండు, ఆవుకు గడ్డి వేసి, పేడ తీసి, పాలు పిండే ఇల్లాలి పేరుతోనే సభ్యత్వం, ఖాతా ఉండేలా చూడండి. ఆమె చేతికి వచ్చిన డబ్బు ముందు డబ్బాల్లోకి పోతుంది, తరువాతే వీధిలోకి పోతుంది.

సభ్యులకు ఒకే విన్నపం. వచ్చే పండుగకు ఎంత ఖర్చు పెట్టగలమో ముందు కాగితం మీద రాసుకోండి. అప్పు చేయకుండా అయ్యేదే మన పండుగ. వచ్చే ఏడు తనిఖీకి వచ్చినప్పుడు పాల రిజిస్టరులో ఈ రోజున్న పేర్లన్నీ కనిపిస్తే మాకు అదే సంతోషం. ఆ పేర్ల ఇళ్లలో పులిజూదం గీసిన బండ కూడా కనిపిస్తే, ఒక ఆట ఆడి గాని కదలము.